కిటికీ అరుగు మీది బన్ను

లాగ్‌వుడ్ గ్యాప్,
సెయింట్ ఎలిజబెత్, జమైకా
3 అక్టోబరు 1988

మార్వాకు,

నేను బతికే ఉన్నాను. ఈ సంగతి మొదట రాయకపోతే మిగతాది నువ్వు కుదురుగా చదవవని తెలుసు. తుఫాను వెళ్ళి మూడు వారాలైనా ఈ కొండ మీదికి టెలిఫోను తీగ రాలేదు. పోస్టాఫీసుకు పైకప్పు లేదు. పోస్టుమిస్ట్రెస్ గొడుగు కింద కూర్చుని ఉత్తరాలు సర్దుతోంది. నా ఇంటి రేకులు నాలుగు ఎగిరిపోతే నాలుగూ వెతికించి, దగ్గర నిలబడి మేకులు కొట్టించాను. కింగ్‌స్టన్ వచ్చి నీ దగ్గర ఉండమని కబురు చేశావట. డెబ్బై ఏడేళ్ళుగా నా తలుపు గొళ్ళెం నేనే వేసుకుంటున్నాను. ఆ మాట ఇక ఎత్తకు. నువ్వు పంపిన చేపల డబ్బాలు అందాయి. వాటిని తిన్న పిల్లి నీకు కృతజ్ఞతలు చెప్పమంది.

ఇక అసలు విషయం. మన ప్రార్థన మందిరం పైకప్పు పూర్తిగా పోయింది. రేకులు తాపీమేస్త్రీ మాస్ జీక్ కందతోటలో దొరికాయి. ఆ కప్పు మీద పడిన వానే తొట్టిలోకి దిగి ఊరికి నీళ్ళిచ్చేది కనుక, ఇప్పుడు ఊరంతా బిందెలు పట్టుకుని కొండ దిగుతోంది. గోడలు మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. రెండడుగుల మందం, చెక్కిన సున్నపురాయి, ఈ కొండ మీదే కట్టెలు పేర్చి, రాళ్ళు కాల్చి తీసిన సున్నం. 1839లో, బానిసత్వం పోయిన మరుసటి ఏడాది, మా ముత్తాత హెక్టర్ పార్చ్‌మెంట్ కట్టిన గోడలవి. దక్షిణం వైపు ఆనుకుని ఉన్న బడికి, నేను ముప్ఫై మూడేళ్ళు హెడ్‌టీచరుగా ఉన్న ఆ బడికి, ఒక్క పెంకు కూడా ఊడలేదు.

ఇంత జరిగితే, మాంటిగో బే నుంచి మొన్నీమధ్య వచ్చిన మన రెవరెండ్ లిండో ఏమంటున్నాడో తెలుసా? మందిరానికీ బడికీ మధ్య గోడ పడగొట్టి, రెండూ కలిపి సిమెంటు దిమ్మెలతో ఒకే పెద్ద హాలు కడతాడట. "గాలి వెలుతురూ వస్తాయి, టీచర్" అన్నాడు. "తుఫానుకు కావలసినంత గాలి వచ్చింది, రెవరెండ్" అన్నాను.

ఆ మధ్య గోడలో మూసేసిన ఒక చిన్న కిటికీ ఉంది, గుర్తుందా? బడివైపు దాని కింద రాతి అరుగు. ప్రతి ఆగస్టు ఒకటిన, బానిసత్వం పోయిన రోజున సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో, అందరికంటే ముందు ఒక బన్ను తెచ్చి ఆ అరుగు మీద పెడతారు. అది కట్టినవాడి వాటా. మా నాన్న పోయిన దగ్గర్నుంచీ నలభై ఒక్క ఏళ్ళుగా ఆ వాటా తింటున్నది నేను. బన్నులు కాల్చేది మాస్ జీక్ కూతురు కార్మెన్. ఎండుద్రాక్ష తక్కువైందని ఏటా చెబుతాను. ఏటా తల ఊపుతుంది, ఏటా తక్కువే వేస్తుంది.

డిసెంబరు పదకొండున సంఘం ఓటు వేస్తుంది. నువ్వు పాత కట్టడాలను కాపాడే ఆఫీసులో ఉన్నావు. ఈ గోడ తాకరానిదని ఒక కాగితం మీద సంతకం చేసి పంపు. నీ అభిప్రాయం అడగడం లేదు, సంతకం అడుగుతున్నాను. నూటయాభయ్యో ఏడు పండుగకు నేను రాస్తున్న మందిర చరిత్ర కూడా పూర్తి కావచ్చింది. "కట్టినవాడు" అన్న మొదటి అధ్యాయమే పద్దెనిమిది పేజీలు వచ్చింది.

నిటారుగా కూర్చుని పని చెయ్యి. కిందటిసారి నీ వీపు చూశాను.

మేనత్త,
ఐసొలిన్ పార్చ్‌మెంట్


కింగ్‌స్టన్
17 అక్టోబరు 1988

అత్తయ్యకు,

ఇక్కడ సగం ఊరికి ఇంకా కరెంటు లేదు. మా ఆఫీసులో కాగితాలు తాళ్ళ మీద ఆరేసుకున్నాం, చూస్తే చాకిరేవనుకుంటారు. పిల్లికి ఇంకో నాలుగు డబ్బాలు పంపుతున్నాను. అది ముందు మీకు పెట్టి తను తింటుందని ఆశ.

మందిరం నాకూ ప్రాణమే. కానీ అత్తయ్యా, కట్టడాన్ని చూడకుండా సంతకం చేస్తే మొదట తప్పుపట్టేది మీరే. నవంబరు దాకా సెలవు దొరకదు. ఈలోగా మాస్ జీక్ చేత మూడు పనులు చేయించండి. బడి గోడ మందిరం గోడను కలిసే మూలలో పూత గీకించండి. రాళ్ళు ఒకదానిలో ఒకటి కొరుక్కుని ఉన్నాయా, లేక ఒక గోడ ఇంకో గోడకు ఊరికే ఆనుకుని ఉందా? రెండోది, మందిరం కిటికీలన్నీ ఐదడుగుల ఎత్తులో ఉంటే ఆ మూసేసిన కిటికీ ఒక్కటీ ఎందుకంత కిందికి దిగింది? దాని కింది అంచు మొదటినుంచీ అంతేనా, తరవాత నరికి దించారా? మూడోది, అరుగు వెనక పూత కింద ఏముంది?

అది తేలేదాకా, కట్టినవాడెవరన్న మాట అచ్చులోకి పంపకండి. ఊరికే జాగ్రత్త కోసం.

మీ మార్వా


లాగ్‌వుడ్ గ్యాప్
29 అక్టోబరు 1988

మార్వాకు,

"ఊరికే జాగ్రత్త కోసం" అన్న మాట మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివితే నాకే మంచిది కాదని కాగితం మడిచేశాను.

మాస్ జీక్‌ను పిలిపించాను. ఎజికియల్ ఎబాంక్స్ నాకంటే ఒక ఏడు చిన్న, ఒకే బెంచీ మీద చదివాం. ఈ కొండ మీద తాపీ పట్టినవాళ్ళలో వాణ్ణి మించినవాడు లేడు. ఏ గోడ గీకమన్నా ముందు ఆ గోడను తిట్టి మొదలుపెట్టే మనిషి, ఈసారి టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు.

"పూత గీకితే ఏముంటది టీచర్, సున్నం ఉంటది. కావాలంటే ఇంట్లో ఉన్నది ఇస్తా, చూసుకోండి."

"నా మేనకోడలు అడిగింది."

"చదువుకున్న పిల్ల. అడుగుద్ది. గోడలకీ మనుషుల్లాగే సిగ్గుంటది, టీచర్. బట్టలిప్పమంటే ఎట్లా?"

"జీక్, గీకుతావా, తాపీ నేను పట్టుకోనా?"

గీకాడు. ఒక్క జోకూ వేయకుండా గీకాడు. అదే నాకు మొదట వింతగా తోచింది.

ఫలితం ఇది. మూలలో రాళ్ళు కొరుక్కోలేదు. బడి గోడ వచ్చి మందిరం గోడకు ఆనుకుంది, అంతే. మధ్యలో నా వేలు దూరింది. అంటే మందిరం ముందు, బడి తరవాత. రెండూ ఒక్కసారే లేచాయని యాభై ఏళ్ళుగా పిల్లలకు చెప్పాను! పైగా మందిరం రాళ్ళు పలక చెక్కినట్టు ఉంటే, బడి రాళ్ళు పొలంలో ఏరుకొచ్చిన గుండ్లు, మధ్యలో ఎర్రమట్టి. పని తెలియనివాడు, ఒంటిచేత్తో పెట్టిన గోడ. నా చరిత్రలో దిద్దుకున్నాను: మందిరం హెక్టర్ పార్చ్‌మెంట్ కట్టాడు, బడి ఎవరో అనామకుడు, తరవాత.

కిటికీ అంచు నరికి దించినదే. ఉలి గాట్లు కనబడుతున్నాయి. అరుగు వెనక పూత కింద ఒక వింత. గోడంతా గరుకుగా ఉండి, ఒకచోట మాత్రం, సుమారు ఒక మనిషి వీపంత మేర, రాయి నునుపుగా ఉంది. "ఇది ఎందుకిట్లా ఉంది?" అని జీక్‌ను అడిగాను. "అరిగింది" అన్నాడు. "దేనితో?" అన్నాను. తాపీ కడుక్కోవాలని వెళ్ళిపోయాడు.

రెవరెండ్ లిండో వీడికి హాలు పని ఆశపెట్టాడేమోనని నా అనుమానం.

ఐసొలిన్ పార్చ్‌మెంట్


కింగ్‌స్టన్
14 నవంబరు 1988

అత్తయ్యకు,

పోయిన బుధవారం స్పానిష్ టౌన్ వెళ్ళి పాత దస్తావేజుల్లో మన మందిరపు తొలి పాస్టరు రాసుకున్న దినచర్య తీయించాను. 1839 నుంచి 1852 దాకా ఉంది. రెండు రోజులు కూర్చుని చదివాను.

ఎదురుగా కూర్చుని చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. డిసెంబరు మొదటి వారంలో వస్తాను. ఒక్కటే కోరిక. అప్పటిదాకా పుస్తకం అచ్చుకు ఇవ్వకండి. సంఘంలో హెక్టర్ పేరు ఎత్తకండి. గోడను కాపాడడానికి వేరే కారణాలు వెతుకుదాం. ఎందుకని అడగకండి, దయచేసి.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మార్వా


లాగ్‌వుడ్ గ్యాప్
22 నవంబరు 1988

మార్వా పార్చ్‌మెంట్ గారికి,

గారు అన్నది ఉద్దేశపూర్వకంగానే రాశాను.

నిన్న రెవరెండ్ లిండో నా వరండాలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ ఎంతో తీయగా చెప్పాడు: "మీకు తెలిసే ఉంటుంది, టీచర్. మాండివిల్ వెళ్ళినప్పుడు మీ మేనకోడలితో ఫోన్‌లో మాట్లాడాను. మందిరం కొలతల బొమ్మ ఆవిడే గీస్తున్నారు." నాకు తెలియదు. ఇరవై నాలుగేళ్ళ పాస్టరు ముందు, నా కుర్చీలో కూర్చుని, తెలిసినట్టు నవ్వవలసి వచ్చింది. ఆ నవ్వు నీ బాకీ.

ఇప్పుడర్థమైంది. హెక్టర్ పేరు ఎత్తవద్దు! పుస్తకం ఆపు! గోడ ఎవరిదో తెలియకపోతే పడగొట్టడం తేలిక. నీ తండ్రి, నా తమ్ముడు, ఈ బడిలో నా దగ్గరే అక్షరాలు దిద్దాడు. వాడి కూతురు మా ఇంటిపేరును సిమెంటు కింద పూడ్చే బొమ్మ గీస్తోంది.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న నన్ను ఆ అరుగు దగ్గరికి తీసుకెళ్ళి, గోడ మీద చెయ్యి ఆనించి, "ఇది మనవాడు కట్టాడు, ఐసొలిన్" అన్నారు. ఆయన అబద్ధమాడిన మనిషి కాదు.

పుస్తకం మాండివిల్ ప్రెస్సుకు ఈ ఉదయమే బస్సులో పంపాను. మూడు వందల ప్రతులు. ఇక ఆ దినచర్యలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసి పంపు. జ్వరం ఎంతుందో దాచిపెట్టవలసిన రోగిని కాను నేను. కాలేజీలో చదివినదాన్ని. మూల పత్రం చదవగలను.

ఐ. పార్చ్‌మెంట్


కింగ్‌స్టన్
28 నవంబరు 1988

అత్తయ్యా,

నేను గీస్తున్నది హాలు బొమ్మ కాదు. ఇప్పుడున్న కట్టడం బొమ్మ. అది లేకుండా కాపాడమని ఎవరికీ రాయలేం. లిండోగారు అడిగితే కొలతలు కావాలన్నాను. మీకు చెప్పకపోవడం నా తప్పు.

అక్షరం పొల్లుపోకుండా అడిగారు. రాస్తున్నాను. కూర్చుని చదవండి.

"1839, నవంబరు 10. మందిరం గోడలు ముగిశాయి. కుటుంబానికి ఒకరు చొప్పున రాయి మోశారు. హెక్టర్ పార్చ్‌మెంట్ కూడా రాయి ఎత్తుకుని వచ్చాడు. జనం దాన్ని అతని చేతే కిందికి దొర్లించారు. ఇతడు తోటలో పదకొండేళ్ళు కొరడా పట్టిన జమాదారు. తానూ బానిసే అయినా, దొర తరఫున వీళ్ళందరి వీపుల మీదా కొట్టినవాడు."

"1840, ఫిబ్రవరి 2. పెద్దలు నలుగురు వచ్చారు. హెక్టర్ లోపలికి వస్తే తాము బయటికి పోతామన్నారు. అతన్ని సహవాసంలోంచి తొలగించాను."

"మార్చి 15. అతడు దక్షిణపు గోడ బయట, కిటికీ కింద కూర్చుని ప్రార్థన వింటున్నాడు. వానలోనూ."

"మే 24. కూర్చున్నవాడికి వినబడాలని కిటికీ అంచు నరికించి దించాను. పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అతడు పొలంలో రాళ్ళు ఏరి తన మీదికి ఒక చూరు లేపుకుంటున్నాడు. ఎవరూ సాయం పట్టరు."

"ఆగస్టు 1. ప్రేమవిందు. అతనికి వడ్డన లేదు. అందరికంటే ముందు ఒక స్త్రీ లేచి తన బన్ను కిటికీలోంచి బయటికి అందించింది. ఆమె ఫిబ్బా. ఆమె వీపు నేను చూడలేదు గాని ఆడవాళ్ళు చెప్పారు. కొట్టినది అతడే. మందిరంలో ఒక్కరూ కదలలేదు. నేను పాట ఎత్తలేకపోయాను."

"1841, జనవరి. చూరు కిందికి పిల్లలు చేరుతున్నారు. దొర లెక్కలు రాయడానికని అతనికి అక్షరాలు నేర్పారట. బొగ్గుతో గోడ మీద రాసి చెబుతున్నాడు. దీన్ని బడి అనవచ్చునా?"

అత్తయ్యా, మందిరంలో మన రాయి ఒక్కటీ లేదు. మీరు "అనామకుడు" అని రాసిన వంకర గోడే మనది. ఆ నునుపు ఆయన వీపుదే.

ఫిబ్బా ఇంటిపేరు తరవాతి పేజీల్లో ఉంది. ఎబాంక్స్.

వస్తున్నాను. ఓటు వేసే ఆదివారం కల్లా.

మార్వా


లాగ్‌వుడ్ గ్యాప్
5 డిసెంబరు 1988

మార్వాకు,

రావద్దు. కోపంతో కాదు. నన్ను ఎవరూ చూడకూడని రోజులు ఇవి.

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే విప్పాను. చదివాక ఎటు నడిచానో గుర్తులేదు. తేరుకునేసరికి జీక్ వాకిట్లో ఉన్నాను, చెప్పుల నిండా ఎర్రమట్టి. జీక్ సున్నం కలుపుతున్నాడు. కార్మెన్ మెట్టు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. కాగితం చూపించాను.

"చదవక్కర్లేదు టీచర్" అన్నాడు. "మా ముత్తవ్వ సంగతేగా?"

"నీకు తెలుసా?"

"ఊళ్ళో అందరికీ తెలుసు."

నలభై ఒక్క ఏళ్ళు, మార్వా! అందరికీ! కందతోటల్లో, నీళ్ళతొట్టి దగ్గర, నా తరగతి వెనక బెంచీల్లో!

"మా నాన్నకు?"

"తెలీకేం? ఆయన ఆ బన్ను ఎట్లా తినేవాడో మర్చిపోయారా? టోపీ తీసి, గోడవైపు తిరిగి, నిలబడి తినేవాడు. ఒక ముక్క మా అమ్మకి ఇచ్చేవాడు."

మరిచిపోలేదు. అది హుందాతనం అనుకున్నాను. నేను నా మొదటి ఏడే అరుగు పక్కన కుర్చీ వేయించుకున్నాను. చేతి తొడుగులు వేసుకున్నాను. అందరికీ ఎదురుగా తిన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చరిత్ర మీరు మాకు చెప్పేవారు గానీ, మమ్మల్ని అడిగేవారా? అయినా కిటికీ మూసేసింది ముసలాయన హెక్టర్ పోయాక. బన్ను ఆపడం మాత్రం ఎవరికీ చేతకాలేదు. మా ఇంట్లోవాళ్ళు పెడతారు, మీ ఇంట్లోవాళ్ళు తింటారు. మాటలెందుకనుకున్నాం."

"ఆయన్ని ఎప్పుడూ లోపలికి రానివ్వలేదా?"

జీక్ అప్పుడు నవ్వాడు. "పదకొండేళ్ళకి పెద్దలే వెళ్ళి రమ్మన్నారంట. పదకొండేళ్ళు కొరడా, పదకొండేళ్ళు వాన, సరిపోయిందన్నారంట. ముసలాయన ఏమన్నాడో తెలుసా? 'పాఠం మధ్యలో ఉంది, తరవాత చూద్దాం' అన్నాడంట. మీ వంశం అంతే టీచర్. తలుపు తీసినా తలుపుకి మర్యాద తెలీదంటారు."

నేను కూడా నవ్వేదాన్నేమో. కానీ ఆ క్షణంలో కార్మెన్ తల ఎత్తకుండా అంది:

"నేను చెప్పాను, టీచర్."

చేతిలో కాయ ఒలవడం ఆపలేదు.

"1951లో. వ్యాసం రాయమన్నారు, 'మన మందిరం' అని. అవ్వ చెప్పినట్టే రాశాను. మీరు నన్ను ముందుకు పిలిచి చదవమన్నారు. చిన్నగా చదువుతున్నానని, గట్టిగా, వెనక బెంచీకి వినబడేట్టు చదవమన్నారు. చదివాను. అబద్ధాలు రాశానని నాలుగు దెబ్బలు వేశారు."

గుర్తొచ్చింది. అంతా గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. పొగరు అనుకుని నాలుగోది గట్టిగా వేశాను. ఎక్కడ నిలబెట్టి కొట్టానో తెలుసా? ఆ కిటికీ కింద. ఎబాంక్స్ పిల్లను, పార్చ్‌మెంట్ చేత్తో.

ఆ ఏడు ఆగస్టులో అరుగు మీద బన్ను పెట్టింది కూడా ఆ పిల్లే. ఎండుద్రాక్ష తక్కువైందన్నాను.

ఆదివారం ఓటు. ఏ నోటితో ఈ గోడను కాపాడమని అడగాలి? ఏ నోటితో పడగొట్టమనాలి?

ఐసొలిన్


లాగ్‌వుడ్ గ్యాప్
12 డిసెంబరు 1988

మార్వాకు,

నిన్నటి సంగతి వరసగా రాస్తాను. వరసగా రాస్తే తప్ప నమ్మలేను.

కప్పు లేని మందిరంలో టార్పాలిన్ కింద కూర్చున్నాం. రెవరెండ్ లిండో తన హాలు గురించి చెప్పాడు. నేను లేచాను. నా చరిత్ర తెస్తున్నాననుకుని వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. నువ్వు రాసి పంపిన దినచర్య చదివాను. నవంబరు పది నుంచి బొగ్గు అక్షరాల దాకా. కొరడా అన్న మాట దగ్గర కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. తడబడలేదు.

లిండో ముఖం పాలిపోయింది. పాపం, అతనికీ ఎవరూ చెప్పలేదు. మిగతావాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. అదే నన్ను మళ్ళీ కొట్టినట్టయింది. నూటపాతిక మంది నావైపు ఎంతో ఓపికగా చూశారు, ఆలస్యంగా లెక్క తేల్చిన మొద్దుపిల్లను చూసినట్టు.

"ఈ గోడ మీద నాకు హక్కు లేదు" అన్నాను. "దీన్ని ఉంచాలో కూల్చాలో ఎబాంక్స్ వాళ్ళు చెప్పాలి."

జీక్ లేచాడు. సభల్లో ఎన్నడూ మాట్లాడడు. టోపీ తిప్పాడు.

"రెవరెండ్, మీ హాలు బాగుంటది. గాలి వస్తది. కానీ గోడ తీసేస్తే ఆ బన్ను ఎటునుంచి ఎటు అందించాలి?"

కూర్చున్నాడు. అంతే. లిండో తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత చేతులెత్తమన్నాడు. గోడ ఉంటుంది. మూసిన కిటికీ తెరుస్తారు. కొత్త కప్పు కింద మందిరం మందిరంగానే, బడి బడిగానే. నీ కొలతల బొమ్మ ఇప్పుడు కావాలి. లిండో నిన్ను అడగడానికి భయపడుతున్నాడు, నేను అడుగుతున్నాను.

ప్రెస్సుకు వెళ్ళాను. మొదటి అధ్యాయం అప్పటికే అచ్చయింది. ఆ కాగితాలన్నీ మోయించుకుని వచ్చి బడికి ఇచ్చాను. వెనకవైపు తెల్లగా ఉంది; పిల్లలు లెక్కలు చేసుకుంటారు. కొత్త అధ్యాయం ఊళ్ళోవాళ్ళను అడిగి రాస్తాను. జీక్ తనకు కుర్చీ వేస్తేనే చెబుతానంటున్నాడు.

ఒక్క మాట మిగిలిపోయింది. సభలో కార్మెన్ రెండో వరసలో ఉంది. ముత్తాత సంగతి చదవగలిగాను. నా సంగతి నోట రాలేదు. ఆయన చేసిన తప్పుకు నేను సిగ్గుపడడం తేలికేనని నిన్న తెలిసింది. నాది నేను చెప్పుకోవడం వేరు. ఇంటికి వెళ్ళి చెబుదామని రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ గేటు దగ్గరనుంచి తిరిగి వచ్చాను. నేను పిరికిదాన్ననుకోలేదు, మార్వా, ఈ వయసు దాకా.

క్రిస్‌మస్‌కు రా. పిల్లి నీ డబ్బాల కోసం చూస్తోంది. ఈసారి ఒకటి నేనూ తెరిచాను.

అత్తయ్య


లాగ్‌వుడ్ గ్యాప్
2 ఆగస్టు 1989

మార్వాకు,

నీకు జ్వరం రాకపోయి ఉంటే నిన్న నువ్వే చూసేదానివి. పడుకుని చదువు, ఈ ఒక్కసారికి నిటారుగా కూర్చోనక్కర్లేదు.

కొత్త కప్పు వెండిలా మెరుస్తోంది. తొట్టి నిండింది. నీ బొమ్మ ప్రకారం జీక్ కిటికీ విప్పి, పాత అంచు అలాగే ఉంచాడు. ఉలి గాట్లు పూడ్చనివ్వలేదు. బడి గోడ ఎర్రమట్టికి సున్నం అద్దుతూ, "ముసలాయన పని ఏం పని, టీచర్! నా దగ్గర చేరి ఉంటే మొదటిరోజే తరిమేసేవాణ్ణి" అని రోజంతా తిట్టాడు. ఎప్పటి జీక్. హాయిగా ఉంది.

ఉదయం ప్రార్థనకు నేను లోపలికి వెళ్ళలేదు. రెవరెండ్ లిండో వచ్చి పిలిచాడు. పాఠం మధ్యలో ఉందన్నాను. అతను తల ఊపి, నవ్వకుండా వెళ్ళిపోయాడు. నేను బడివైపు వెళ్ళి, కుర్చీ లేకుండా, చేతి తొడుగులు లేకుండా, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. నా వీపు ఆ నునుపు దగ్గర ఆనింది. రాయి చల్లగా ఉంది. కిటికీ నా తల పక్కనే ఉన్నా లోపలివాళ్ళెవరూ కనబడలేదు. అంతా వినబడింది. ప్రతి దగ్గు, ప్రతి బెంచీ కిర్రుమనడం. ఇన్నేళ్ళూ లోపల మొదటి వరసలో కూర్చుని ఇంత బాగా ఎన్నడూ వినలేదు.

ప్రేమవిందు మొదలైంది. లోపల ఎవరో లేచిన చప్పుడు. అడుగులు. కిటికీలోంచి చెయ్యి వచ్చింది, పిండి మరకలున్న చెయ్యి. అరచేతిలో బన్ను. ఈసారి అరుగు మీద పెట్టలేదు. నా చేతికి అందివ్వడానికి ఆగింది.

కార్మెన్ చెయ్యి.

నేను బన్ను తీసుకోలేదు. ముందు ఆ మాట చెప్పాలి. ఎనిమిది నెలలుగా గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చిన మాట. నా చెవికే వినబడనంత చిన్నగా అన్నాను:

"కార్మెన్, నువ్వు రాసింది నిజం. నిన్ను కొట్టడం నా తప్పు. క్షమించు."

చెయ్యి వెనక్కి పోలేదు, ముందుకూ రాలేదు. తరవాత ఆమె గొంతు, తాపీగా, మర్యాదగా, ముప్ఫై ఎనిమిదేళ్ళు దాచుకున్న గొంతు వచ్చింది:

"గట్టిగా చెప్పండి టీచర్. వెనక బెంచీకి వినబడాలి."

అరుగు మీదనుంచి లేచాను. కిటికీలో తల పెట్టాను. నూటపాతిక ముఖాలు నావైపు తిరిగి ఉన్నాయి. మళ్ళీ చెప్పాను, మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాటా మింగకుండా, అందరికీ వినబడేట్టు.

అప్పుడు బన్ను నా చేతిలో పడింది.

నిలబడి తిన్నాను. సగం విరిచి వెనక్కి అందించాను. తీసుకుంది. ఎండుద్రాక్ష ఈసారీ తక్కువే.

మీ అత్తయ్య,
ఐసొలిన్